కనకరత్నం గారి బంతి

1వ రోజు

పరికరం మార్చుకున్న ఉద్యోగి ముప్పై రోజులపాటు రోజువారీ నమోదు రాయాలని నియమం. కాగితం మీదే రాయాలి. యంత్రంలో రాయాలంటే యంత్రానికి మనమెవరో తెలియాలి, పరికరం మార్చాక ఎలాగూ తెలియదు. ఈ ఒక్క విషయంలో నియమం రాసినవాళ్ళు ముందే ఆలోచించారు.

పేరు: గుత్తుల సౌగంధిక. వయసు: ఇరవై నాలుగు. చదువు: నీటిశాస్త్రంలో డిగ్రీ. ఉద్యోగం: నడిగట్టు ఉప్పు తలుపుల గదిలో ఆపరేటరు. వదిలేసింది: మౌస్. తీసుకున్నది: ట్రాక్‌బాల్. కారణం: కుడి మణికట్టు.

కారణానికి గడి చిన్నది కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు మొద్దుబారి నెల దాటింది. జడ వేసుకుంటుంటే పాయ చేతిలో ఉందో జారిపోయిందో అద్దంలో చూస్తే తప్ప తెలియడం లేదు. డాక్టరమ్మ నా మణికట్టు మీద వేలితో రెండుసార్లు తట్టి, "మౌస్ వదిలేస్తావా, చెయ్యి వదిలేస్తావా? ఈ వారంలో చెప్పు," అంది.

తలుపుల గది సూపరింటెండెంటు వీర్రాజు గారు స్టోర్లో గంటసేపు వెతికి ఒక మూట తెచ్చారు.

"ఊరు మొత్తానికి ఇదొక్కటే మిగిలిందండాయ్. పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. తేలు ఉందేమో చూసుకో అమ్మాయ్."

తేలు లేదు. నేరేడుపండు రంగులో నిమ్మకాయంత బంతి ఉంది, అది కూర్చునే నల్ల గిన్నె ఉంది. గిన్నె బల్ల మీద కదలకుండా ఉంటుంది, వేళ్ళతో బంతిని దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది. అంతే.

ఒకరికి రెండు చేతి నడకలు, అంటే యంత్రం మనిషిని గుర్తుపట్టే గీత తీరులు, ఉండకూడదు కాబట్టి నా మౌస్ నడకకి ఈ రోజే సీలు వేశారు. పదిహేనో రోజు లోపల మనసు మార్చుకుంటే తిరిగి ఇస్తారు. ముప్పయ్యో రోజుకి కొత్త నడక కుదిరితే నా పేరు దాని మీదకి వెళుతుంది. కుదరకపోతే నా పేరు ఎక్కడా ఉండదు.

ముప్పయ్యో రోజునే సర్వే ఓడ వస్తుంది. రెండేళ్ళు తీరం వెంట తిరుగుతుంది. నాలుగు వందల మంది పరీక్ష రాస్తే తొమ్మిది మందిని తీసుకున్నారు, నేను ఏడో పేరు. ఓడ మీద బల్లలు ఒరుగుతాయి కాబట్టి మౌస్ నిలవదు, అక్కడ అందరివీ బంతులే. అంచేత ఇదే మంచి సమయమనుకున్నాను. ఈ ఊళ్ళోకి సముద్రపు పోటు రాకుండా మూడేళ్ళ నుంచి పద్నాలుగు తలుపుల్ని రోజుకి రెండుసార్లు మూసి, రెండుసార్లు తెరిచాను. పదిహేనో తలుపు ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

2వ రోజు

మొదటి గంటలో గిన్నెని నాలుగుసార్లు బల్ల మీద తోశాను. బాణం కదల్లేదు. అలవాటు కొద్దీ రెండుసార్లు ఎత్తి పక్కన పెట్టాను. రెండోసారి బంతి బయటపడి వీర్రాజు గారి కుర్చీ కిందకి పోయింది.

నాతోపాటు డ్యూటీ చేసే ఎస్తేరక్క దాన్ని కాలితో ఆపి నాకు దొర్లించింది. "గోళీలాటలో ఓడిపోయేదానిలా ఉన్నావే. నీ చేతిలో ఊరు పెట్టి మేమెలా పడుకోవాలి?"

చెయ్యి కదలకూడదు, వేళ్ళే కదలాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. నాలుగో తలుపు మీద ఆగమంటే బాణం పదకొండో తలుపు దాటి తెర అంచుకి వెళ్ళి కూర్చుంటోంది.

3వ రోజు

కుళాయి దగ్గర వరుసలో నిలబడ్డాను. ఎప్పుడూ ఉండే వరుసే. సిమెంటు దిమ్మ, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క, ముక్క మీద గొలుసు కట్టిన మౌస్. తెర మీద చుక్క నుంచి చుక్కకి గీత గీస్తే పేరు పడుతుంది, పేరు పడితే రెండు బిందెల నీళ్ళు పడతాయి. ముఖాలూ గొంతులూ ఎవరు పడితే వాళ్ళు తయారు చేసుకోవడం మొదలయ్యాక, ఒక మనిషి గీతలో ఎక్కడ తొందరపడుతుందో, మలుపు దగ్గర ఎంత జారుతుందో మాత్రమే నమ్మకంగా మిగిలింది. తలుపుల గదికీ, ఓటుకీ, ఆసుపత్రికీ అదే.

నా గిన్నెని టిఫిన్ సంచీలో పెట్టుకెళ్ళి దిమ్మ పక్కనున్న ప్లగ్గుకి తగిలించాను. గీత గీశాను. 'తెలియని మనిషి' అని వచ్చింది. పరికరం మార్చినట్టు ఇచ్చిన చీటీ చూపిస్తే సగం బిందె ఇచ్చారు. ముప్పై రోజులూ అంతే.

వెనకనున్నావిడ, "పెరుగన్నం తెచ్చుకుందనుకున్నాను," అంది.

6వ రోజు

పోటు వచ్చే ముందు ఆరో తలుపు నాలుగు నిమిషాలు ఆలస్యంగా పడింది. నేను బాణాన్ని దాని మీదకి తెస్తున్నాను, అది దాటిపోతోంది, మళ్ళీ తెస్తున్నాను. నా గీతకి పేరు లేదు కాబట్టి ఎస్తేరక్క పక్కన కూర్చుని తన మౌస్‌తో ప్రతిసారీ ఒప్పుకోవాలి. ఆవిడ ఒప్పుకోవడానికి సిద్ధంగానే ఉంది, నేనే తలుపు మీద బాణం ఆపి అడగలేకపోయాను.

మంచినీళ్ళ చెరువులోకి కాస్త ఉప్పు చేరింది.

7వ రోజు

టీలో ఉప్పుందని పదకొండు మంది చెప్పారు. పన్నెండోవాడు టీ తాగడట, అయినా చెప్పాడు.

8వ రోజు

పక్కింటి శ్రీవల్లికకి ఐదేళ్ళు నిండాయి. చెయ్యి పట్టింపుకి పిలిస్తే వెళ్ళాను. పీట మీద కొత్త మౌస్, దానికి పసుపు బొట్టు. పిల్ల చెయ్యి మీద తల్లి చెయ్యి వేసి మొదటి గీత గీయించింది. యంత్రం పేరు అడిగింది, పేరు పెట్టారు. వయసు అడగదు, అదే ఐదని వేసుకుంటుంది. ఐదేళ్ళవాళ్ళకి కుళాయి దగ్గర రోజుకో బెల్లం బిస్కెట్టు కూడా ఇస్తారు. శ్రీవల్లికకి ఈ వేడుకలో అర్థమైంది అదొక్కటే.

ఒక మనిషి జీవితంలో ఒక్కరికే చెయ్యి పట్టించవచ్చు. తల్లికి ఒకరు, తండ్రికి ఒకరు. అందుకే ఊళ్ళో ఇంటికి ఇద్దరే పిల్లలు. మా అమ్మ మా అక్కకి పట్టించింది, నాన్న నాకు. ఎస్తేరక్క వంతు కూతురితో అయిపోయింది.

పాయసం బాగుంది. ఉప్పు తెలియలేదు.

11వ రోజు

గదిలోకి వచ్చి గీత గీశాను. మొదటిసారి పేరు వచ్చింది. నూటికి డెబ్భై ఒకటి.

పేరు నాది కాదు.

'మట్టపర్తి కనకరత్నం గారూ, తిరిగి వచ్చినందుకు సంతోషం. మీరు 4,017 రోజులుగా విధులకు హాజరు కాలేదు. కారణం ఎంచుకోండి: 1. పెళ్ళి. 2. అనారోగ్యం. 3. వరద.'

నేను ఏదీ నొక్కలేదు. కాసేపు చూసి యంత్రమే మొదటిది నొక్కుకుంది.

"అక్కా, నాకు పెళ్ళయిందట."

ఎస్తేరక్క వంగి చూసింది. తన మౌస్ వైపు తిరిగి, మూయాల్సిన అవసరం లేని తలుపు ఒకటి మూసింది.

12వ రోజు

కుళాయి దగ్గర కనకరత్నం పేరు మీద రెండు బిందెలు వచ్చాయి. కనకరత్నం ఎవరో, ఉందో లేదో తెలియదు. నీళ్ళు మాత్రం తియ్యగా ఉన్నాయి. తలస్నానం చేశాను.

14వ రోజు

డిగ్రీలో నేర్పినది ఒకటే: ఒక ఫలితం వస్తే ఇంకొకరిచేత కూడా చేయించి చూడు. బంతిని ఎస్తేరక్కకిచ్చాను. కనకరత్నం, నూటికి అరవై నాలుగు. టీ తెచ్చే ముసలాయనకిచ్చాను. కనకరత్నం, యాభై ఎనిమిది. ఆయన భయపడి గ్లాసులు వదిలేసి వెళ్ళిపోయాడు.

బంతిని పైకి తీసి గిన్నెలోకి చూశాను. బంతి ఆనే చోట మూడు చిన్న ఎర్రరాళ్ళు ఉన్నాయి, ఆవగింజంత. రెండు నున్నగా ఉన్నాయి. మూడోది ఒక పక్క అరిగి పల్లం పడింది. బంతిని కుడివైపు పైకి దొర్లిస్తే అక్కడ క్షణం పాటు మొరాయించి తర్వాత ఒక్కసారిగా జారుతుంది. యంత్రం గుర్తుపడుతున్నది ఆ మొరాయింపుని. ఎవరి వేళ్ళయినా, ఈ గిన్నె మీద పడితే ఆవిడ నడకే నడుస్తాయి.

15వ రోజు

వెనక్కి తగ్గడానికి ఆఖరి రోజు. పొద్దున్న జడ వేసుకుంటుంటే బొటనవేలికి పాయ తగిలింది. అద్దం చూడకుండానే తెలిసింది. వెనక్కి తగ్గలేదు.

16వ రోజు

"కనకరత్నం ఎవరండీ?" అని వీర్రాజు గారిని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. తుడవడం అయిపోయాక మళ్ళీ తుడిచారు. "ఇక్కడే పనిచేసేదండి. నీ కుర్చీయే."

"పోయారా?"

"పోలేదండాయ్. లేదు. అంతే."

ఇంకా అడగబోతే పోటు వేళ దాటిపోతోందన్నారు. పోటుకి రెండు గంటల టైముంది.

18వ రోజు

ఎస్తేరక్క చెప్పింది. కనకరత్నం ఉండేది రొయ్యల షెడ్డు వెనక రేకుల గదిలో. గుమ్మం పక్కన సొట్ట పడిన ఇత్తడి బిందె ఉంటుంది.

ఆ బిందె నాకు తెలుసు. కుళాయి నుంచి వచ్చే ఆడవాళ్ళు అక్కడ ఆగి తలో చెంబు అందులో పోసి వెళతారు. మూడేళ్ళుగా చూస్తున్నాను. కోళ్ళకి పోస్తున్నారనుకున్నాను. నేనెప్పుడూ పోయలేదు.

ఆవిడ గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. డెబ్భై దగ్గర ఉంటాయి. కుడి చెయ్యి భుజం నుంచి సగమే తెరుచుకుంటుంది. వేళ్ళు మాత్రం చూస్తుండగానే ఆరు రొయ్యలు వలిచేశాయి.

"ఎవరూ?"

"తలుపుల గది నుంచి వచ్చానండీ. సౌగంధిక అంటారు."

"గదిలోంచి మనిషి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. కూర్చో. పీట లేదు."

నేల మీద కూర్చున్నాను. సంచీలోంచి గిన్నె తీశాను. ఆవిడ చేతిలో రొయ్యని కింద పెట్టి, రెండు చేతులూ చీరకి తుడుచుకున్నారు. ముట్టుకోలేదు.

"ఈశాన్యానికి తిప్పితే ఇంకా మొరాయిస్తందా?"

"ఆ."

"ఇంటికీ అంతే, ఈశాన్యం బరువైతే కలిసిరాదంటారు. చెప్తే విన్నాడా ఆ స్టోరువాడు!"

ఏం జరిగిందని అడిగాను. ఆవిడ మళ్ళీ రొయ్యలు అందుకుని, వాటితోనే చెప్పారు.

"నాలుగో తలుపు చైను తెగి భుజమ్మీద పడిందే పిల్లా. ఆ భుజంతోటే తలుపు మూసేను. ఆ ఏడు ఊళ్ళోకి ఉప్పు రాలేదు. నీలాగ టీలో కలపలేదు."

"మీకూ తెలిసిందా?"

"లేని మనిషి కూడా టీ తాగుద్ది. తర్వాత అందరికీ ఒకటే పరికరం అన్నారు. బంతులు పట్టికెళ్ళిపోయి ఎలకలిచ్చేరు. ఎలక్కి భుజం కావాలి. బంతికైతే వేళ్ళు చాలు. నా గీత సగం దూరం వెళ్ళి ఆగిపోయేది. ముప్పై రోజులూ ఆగిపోయింది."

"మీరు వాళ్ళకి చెప్పలేదా మామ్మగారూ?"

"చెప్పేను. నువ్వెవరన్నారు. కనకరత్నాన్నన్నాను. అయితే గీత గియ్యమన్నారు."

రొయ్యల పొట్టు ఒక పక్క, రొయ్యలు ఒక పక్క. లేచేటప్పుడు ఒప్పుకున్నాను, "మీ నీళ్ళు వారం నుంచి నేనే పట్టుకుంటున్నానండీ."

"తియ్యగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఉంటాయిలే, పదకొండేళ్ళు మాగినియ్యి."

19వ రోజు

రెండు బిందెలూ తీసుకెళ్ళి సొట్ట బిందెలో పోశాను. పట్టలేదు. రెండోది గుమ్మంలో పెట్టి వచ్చాను. నేను చీటీ మీద సగం బిందె తెచ్చుకున్నాను. కుళాయి దగ్గరున్నతను ఒకే సంచీతో రెండుసార్లు ఎందుకొచ్చావని అడిగాడు. మొదటిసారి వచ్చింది నేను కాదని చెప్పాను. తెర కూడా అదే చెబుతోంది కాబట్టి అతను కుళాయి తిప్పాడు.

23వ రోజు

కనకరత్నం, ఎనభై ఎనిమిది. ఇంత బాగా నేను నాలాగా కూడా ఎప్పుడూ లేను. మౌస్ మీద నాది ఎనభై నాలుగు దాటలేదు.

పద్నాలుగు తలుపులూ ఈ రోజు తొమ్మిది నిమిషాల్లో మూశాను. మొరాయించే చోట తొందరపడకూడదు. అది జారాలనుకున్నప్పుడు జారుతుంది, వేలు అంతవరకు ఆగాలి. ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాననుకున్నాను. చెప్పింది రాయి.

ఓడవాళ్ళ నుంచి కాగితం వచ్చింది. సొంత పేరు మీద నడక కుదిరినవాళ్ళే ఎక్కాలి. అరవై తొమ్మిదేళ్ళ కనకరత్నాన్ని ఎక్కించుకోరు.

26వ రోజు

వీర్రాజు గారు అగ్గిపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల దూది, దూదిలో ఎర్రరాయి.

"జిల్లా స్టోరుకి మూడు ఉత్తరాలు రాస్తే వచ్చిందండాయ్. పాతది గిన్నెకి అతుక్కుపోయి ఉంటాది, సూదితో పగలగొట్టి తియ్యాల. ఇది పెట్టెయ్. నడక కొత్తది అయిపోద్ది, ఎవరితోటీ కలవదు. మూడ్రోజుల్లో నువ్వు నువ్వైపోతావ్. ఓడ ఎక్కెయ్యొచ్చు."

"మరి కనకరత్నం గారు?"

ఆయన కూర్చున్నారు. సూపరింటెండెంటు ఆపరేటరు బల్ల దగ్గర కూర్చోవడం నేను చూడలేదు.

"ఆ కాయితం నేనే రాసేనమ్మా. అప్పుడు గుమాస్తాని. గడిలో రెండే ఉన్నాయి, ఉన్నారు, లేరు. గీత కుదర్లేదు కాబట్టి ఉన్నారని రాయడానికి లేదు." కళ్ళజోడు తియ్యబోయి ఆపేశారు. "మా ఆవిడ రోజూ పొద్దున్నే చెంబు నీళ్ళు పోసొస్తాది. నేను వెళ్ళలేదు."

"పాత రాయి పగిలితే ఆవిడ గుర్తు ఇంకెక్కడైనా ఉంటుందా?"

"ఉండదండి."

27వ రోజు

ముందు ఆవిడ ఈ బంతితో గీత గీసి, పేరు తిరిగి తెచ్చుకుని, ఆ పేరుని ఇంకో పరికరం మీదకి మార్చుకుంటే, ఆ తర్వాత నేను రాయి మార్చుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు. మార్పిడికి ముప్పై రోజులు పడుతుంది. ఓడకి మూడు రోజులుంది.

దీన్ని నాలుగు రకాలుగా వేసి చూశాను. నాలుగుసార్లూ ముప్పై రోజులు మూడు రోజుల్లో పట్టలేదు.

ఎస్తేరక్కని అడిగాను. "నన్నడక్కు. నేనైతే ఎక్కేస్తాను," అంది. కాసేపటికి, "ఎక్కేసి రెండేళ్ళూ ఏడుస్తాను," అంది. ఇంకాసేపటికి, "సూది నా దగ్గరుంది, కావాలా?" అంది.

సూది తీసుకున్నాను. గిన్నె బోర్లించి కిటికీ వెలుగులో పెట్టాను. అరిగిన రాయి మీద సూది మొన ఆనించాను. మూడు వేళ్ళకీ ఇప్పుడు స్పర్శ పూర్తిగా వచ్చేసింది. ఆవగింజంత రాయి, దాని మీద పల్లం, పల్లం అంచు, అన్నీ మొన చివర తెలుస్తున్నాయి. నెల కిందట అయితే ఏమీ తెలిసేది కాదు. పగిలిపోయేది.

సూది తిరిగి ఇచ్చేశాను. ఎస్తేరక్క దాన్ని తన జాకెట్టుకి గుచ్చుకుని, పోటు పట్టిక చూసుకుంటూ కూర్చుంది.

28వ రోజు

"రేపు గదికి రండి మామ్మగారూ."

"లేని మనిషికి గుమ్మం తెరుచుకోదే."

"నేను మీరై తెరుస్తాను. తర్వాత మీరే మీరవుదురుగాని."

"నీకు ఓడ ఉందంట కదా?"

ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు. నీళ్ళు బిందెలో ఎవరు పోస్తున్నారో నాకొక్కదానికే తెలియలేదు.

"ఉంది," అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు చూసి, రొయ్యల బుట్ట లోపల పెట్టి, ఉతికిన చీర ఏదైనా ఉందేమో వెతుక్కున్నారు.

29వ రోజు

కనకరత్నం గారు నా కుర్చీలో కూర్చున్నారు. వీర్రాజు గారు తలుపు దగ్గర నిలబడ్డారు, లోపలికీ కాదు, బయటికీ కాదు. ఆవిడ బంతి మీద వేళ్ళు పెట్టి వెంటనే తిప్పలేదు. చిన్నపిల్ల తల మీద పెట్టినట్టు ఊరికే పెట్టి ఉంచారు. తర్వాత గీత గీశారు.

నూటికి తొంభై ఏడు.

'మట్టపర్తి కనకరత్నం గారూ, తిరిగి వచ్చినందుకు సంతోషం. సెలవు కారణం: పెళ్ళి. సెలవు మంజూరైంది.'

"ఎవరితో?" అని అడిగారావిడ.

"అది అడగలేదండి," అన్నారు వీర్రాజు గారు తలుపు దగ్గర్నుంచి.

"పదకొండేళ్ళ పెళ్ళి. భోజనాలు బాగానే పెట్టుంటారు." అప్పుడు కుర్చీలో మొత్తం తిరిగి ఆయన్ని చూశారు. "వీర్రాజూ, లోపలికి రా. గాలి వస్తంది."

ఆయన లోపలికి వచ్చారు. టీ తెప్పించారు. ఆవిడ తాగారు.

"ఉప్పు లేదు," అన్నారు నా వైపు చూసి.

తాగడం అయ్యాక, "మరి ఎల్లుండి నుంచి నువ్వెవరే?" అన్నారు.

నేను దాని గురించి మూడు రోజులుగా ఆలోచించకుండా జాగ్రత్తపడుతున్నాను. మౌస్ నడక చెరిగిపోతుంది. బంతి ఆవిడది. సొట్ట బిందె ఖాళీ అవుతుంది కాబట్టి అది నాకు ఇస్తారేమో అడగాలనుకుంటున్నానని చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. నా ఎడమ చెయ్యి పట్టుకుని, తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూశారు, రొయ్యలు తాజావో కావో చూసినట్టు.

"ఇది ఇంకా ఎవరిదీ కాదుగా?"

"ఎడమ చెయ్యి యంత్రానికి తెలియదండీ."

"నాకు పిల్లల్లేరు. నా వంతు వాడలేదు. వీర్రాజూ, పెళ్ళయిన పదకొండేళ్ళకైనా ఒకరికి చెయ్యి పట్టించొచ్చా, గడి ఉందా?"

వీర్రాజు గారు నియమాల పుస్తకం తెచ్చి వెతికారు. ఎంతకీ పైకి చూడలేదు. "వద్దని ఎక్కడా లేదండాయ్," అన్నారు చివరికి.

30వ రోజు

ఎస్తేరక్క టిఫిన్ డబ్బాలో పాయసం తెచ్చింది. మౌస్‌కి పసుపు బొట్టు తనే పెట్టింది. "మా చర్చిలో పెట్టం గానీ, నీకోసం," అంది.

నేను పీట మీద కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, పీట ఐదేళ్ళవాళ్ళకి చేసింది. కనకరత్నం గారు వెనక నుంచి నా ఎడమ చేతి మీద తన కుడి చెయ్యి వేశారు. ఆవిడ చెయ్యి సగమే తెరుచుకుంటుంది, నా ఎడమ చేతికి ఏదీ తెలియదు. ఇద్దరి మధ్యా గీత సగం దూరం వెళ్ళి ఆగింది. పదకొండేళ్ళ కిందట ఆగిన చోటే అయ్యుంటుంది.

"ఇక్కణ్ణుంచి నువ్వెళ్ళు," అన్నారు.

వెళ్ళాను. వంకరగా వెళ్ళాను. మలుపు దగ్గర జారి, వెనక్కి వచ్చి, రెండో చుక్కని తాకాను. చేర్చుకుంది. కొత్త నడకకి పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి ఎంత వంకరైనా చేర్చుకుంటుంది.

'పేరు?' గుత్తుల సౌగంధిక. 'పెద్దలతో బంధుత్వం?' ఎస్తేరక్క మా ఇద్దరినీ చూసి, మనవరాలు నొక్కింది. వయసు అడగలేదు. ఐదు అని వేసుకుంది.

వయసు దిద్దించడానికి ఒక ఫారం ఉందట. పదమూడేళ్ళు నిండినవాళ్ళే అది నింపాలట.

సర్వే ఓడ మధ్యాహ్నం పోటు మీద వచ్చి, ఎనిమిది మందిని ఎక్కించుకుంది. ఏడో పేరు పిలిచారని, ఎవరూ పలకలేదని తర్వాత తెలిసింది. నేనప్పుడు గదిలో ఉన్నాను. పిల్లలు గదిలో ఉండకూడదు గానీ నాయనమ్మతో వస్తే ఫర్వాలేదట. ఓడ బయటికి వెళ్ళాలంటే తొమ్మిదో తలుపు తెరవాలి. కనకరత్నం గారు బంతి తిప్పారు. కుడివైపు పైకి వెళ్ళేచోట అది మొరాయించింది. ఆవిడ వేలు ఆగింది. తొమ్మిదో తలుపు దగ్గర ఓడ కూడా ఆగింది. ఒక్కసారి కూత వేసింది. అప్పుడు బంతి జారింది, తలుపు తెరుచుకుంది, ఓడ వెళ్ళిపోయింది. తెర మీద అది చిన్న చుక్క. అంచు దాకా చూశాను.

"మళ్ళీ ఎప్పుడొస్తాది?" అన్నారు కనకరత్నం గారు తెర మీంచి కళ్ళు తియ్యకుండానే.

"రెండేళ్ళకి."

"అప్పటికి నీకు ఏడు. ఇంకో పదకొండేళ్ళు ఆగితే పద్దెనిమిది. ఆగొచ్చులే, నేనాగలేదా?"

సాయంత్రం ఇద్దరం కుళాయికి వెళ్ళాం. ఆవిడకి రెండు బిందెలు వచ్చాయి. నాకు ఒక చిన్న బిందె, ఒక బెల్లం బిస్కెట్టు. తిరిగి వస్తుంటే రొయ్యల షెడ్డు దగ్గర వీర్రాజు గారు కనబడ్డారు. ఆయన చేతిలో చెంబు ఉంది. భార్యది అయ్యుంటుంది. సొట్ట బిందె దగ్గర నిలబడి, నిండుగా ఉన్న ఆవిడ బిందెల్ని చూసి, ఇప్పుడీ నీళ్ళేం చెయ్యాలో తెలియక మా వైపు చూశారు.

"పోసెయ్ వీర్రాజూ," అన్నారావిడ. "కోళ్ళు తాగుతాయి."

పోశారు. చివరి చుక్క దాకా వంచి పోశారు.

బిస్కెట్టులో సగం ఆవిడకిచ్చాను. ఎడమ చేత్తో విరిచాను, సమంగా రాలేదు. పెద్దది ఆవిడే తీసుకున్నారు.

ఈ నమోదు ఇక్కడితో పూర్తయింది. కింద ఉద్యోగి సంతకం చెయ్యాలి. ఐదేళ్ళవాళ్ళ సంతకం చెల్లదు కాబట్టి పెద్దలు చేస్తున్నారు.

మట్టపర్తి కనకరత్నం
(ఉన్నారు)